కంప్యూటర్ ఉన్నట్టుండి బిగుసుకుపోతోందా? తప్పు డ్రైవర్‌దా.. ర్యామ్‌దా? డబ్బులు పెట్టేముందు ఇలా తేల్చుకోండి!

ప్రాజెక్టు రిపోర్టు చివరి పేజీ టైప్ అవుతోంది. లేదంటే కౌన్సెలింగ్ వెబ్ ఆప్షన్లు పెడుతున్నారు, గడువు ఇంకో అరగంటే ఉంది. అంతలో స్క్రీన్ ఎక్కడిదక్కడే ఆగిపోయింది. మౌస్ కదలదు, కీబోర్డు పలకదు. పవర్ బటన్ నొక్కి పట్టుకోవడం తప్ప వేరే దారి లేదు. మళ్లీ ఆన్ చేస్తే అంతా మామూలే! రెండు రోజులు బాగానే నడుస్తుంది, మూడో రోజు మళ్లీ అదే కథ.

రిపేర్ షాపుకి తీసుకెళ్తే ఒకరు 'ఫార్మాట్ కొడితే సెట్ అయిపోతుంది' అంటారు. ఇంకొకరు 'మదర్‌బోర్డు పోయిందండి' అంటారు. వేలకు వేలు ఖర్చయ్యాక కూడా సమస్య అలాగే ఉంటే ఆ బాధ చెప్పనలవి కాదు. నిజానికి ఇలాంటి ఫ్రీజ్‌ల వెనక తరచూ కనిపించే నిందితులు ఇద్దరు. ఒకటి గ్రాఫిక్స్ డ్రైవర్, రెండోది పాడైన ర్యామ్. మొదటిదైతే చాలాసార్లు పైసా ఖర్చు లేకుండా ఇంట్లోనే సరిచేసుకోవచ్చు. రెండోదైతే ఎంత ఆలస్యం చేస్తే మీ ఫైళ్లకు అంత ప్రమాదం. అందుకే ఏది ఏదో ముందు తేల్చుకోవాలి. అదెలాగో చూద్దాం.

అసలు లోపల ఏం జరుగుతుంది?

డ్రైవర్ అంటే ఒక దుబాసీ లాంటిది. విండోస్ మాట గ్రాఫిక్స్ చిప్‌కి, చిప్ మాట విండోస్‌కి చేరవేసే సాఫ్ట్‌వేర్ అది. ఆ దుబాసీ తడబడితే బొమ్మ తెరమీదికి రాదు. చిప్ జవాబివ్వకుండా ఉండిపోతే విండోస్ మామూలుగా 2 సెకన్లు ఎదురుచూస్తుంది. అప్పటికీ పలకకపోతే డ్రైవర్‌ను తనే రీసెట్ చేస్తుంది. విస్టా కాలం నుంచి విండోస్‌లో ఈ ఏర్పాటు ఉంది. రీసెట్ పనిచేస్తే స్క్రీన్ ఒకసారి నల్లబడి మళ్లీ వస్తుంది. పనిచేయకపోతే ఫ్రీజ్, లేదా నీలిరంగు ఎర్రర్ స్క్రీన్.

ర్యామ్ సంగతి వేరు. హార్డ్ డిస్క్ లేదా ఎస్‌ఎస్‌డీ బీరువా అయితే, ర్యామ్ పనిచేసే బల్ల. ప్రస్తుతం వాడుతున్న ప్రతిదీ ఆ బల్లమీదే ఉంటుంది. కిరాణా కొట్టు ఖాతా పుస్తకంలో ఒక గడిలో 5 రాస్తే కాసేపటికి అది 7గా కనిపిస్తే ఏమవుతుంది? లెక్కంతా తప్పుతుంది. ర్యామ్‌లో ఒక్క గడి పాడైనా అంతే. అక్కడ 0 రాస్తే 1 అవుతుంది, 1 రాస్తే 0 అవుతుంది. ఆ గడిలో పాట ఉంటే చిన్న చప్పుడుతో పోతుంది. విండోస్‌కు సంబంధించిన కీలకమైన ఆదేశం ఉంటే మొత్తం కంప్యూటరే నిలిచిపోతుంది. మీ ఎక్సెల్ ఫైల్ ఉంటే? తప్పు అంకెతోనే సేవ్ అయిపోవచ్చు. అసలు భయపడాల్సింది దీనికే.

ఇది అరుదైన విషయమేమీ కాదు!

గూగుల్ తన సర్వర్లలో రెండున్నరేళ్లపాటు ర్యామ్ తప్పులను లెక్కపెట్టి 2009లో ఒక అధ్యయనం బయటపెట్టింది. ఏడాదిలో దాదాపు మూడో వంతు మెషిన్లలో కనీసం ఒక్కసారైనా మెమరీ తప్పు నమోదైంది. విడివిడి ర్యామ్ స్టిక్కుల లెక్కన చూస్తే 8 శాతానికి పైగా. అయితే సర్వర్లలో తప్పును పట్టుకుని సరిదిద్దే ప్రత్యేక ర్యామ్ ఉంటుంది. మన ఇళ్లలోని మామూలు కంప్యూటర్లలో సాధారణంగా ఆ రక్షణ ఉండదు.

2011లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు సుమారు 10 లక్షల మామూలు కంప్యూటర్లను పరిశీలించారు. హార్డ్‌వేర్ లోపంతో ఒకసారి క్రాష్ అయిన మెషిన్ మళ్లీ క్రాష్ అయ్యే అవకాశం ఏకంగా వంద రెట్ల వరకు పెరుగుతుందని తేలింది. అంటే 'ఒక్కసారే కదా, చూద్దాంలే' అనుకోవడం మంచిది కాదన్నమాట.

డ్రైవర్లు కూడా తక్కువ తినలేదు. విస్టాపై అమెరికాలో నడిచిన కోర్టు కేసులో బయటపడిన మైక్రోసాఫ్ట్ అంతర్గత లెక్కల ప్రకారం, 2007లో నమోదైన విస్టా క్రాష్‌లలో దాదాపు 29 శాతం ఎన్‌విడియా డ్రైవర్ల ఖాతాలో పడ్డాయి. 2010 మార్చిలో అదే కంపెనీ 196.75 అనే డ్రైవర్‌ను విడుదల చేసి, ఫ్యాన్ సరిగా తిరగక కార్డులు వేడెక్కుతున్నాయని ఫిర్యాదులు రావడంతో వెనక్కి తీసుకుంది. కొత్త డ్రైవర్ ఎప్పుడూ మంచి డ్రైవరే అనుకోకూడదని చెప్పడానికి ఇదొక ఉదాహరణ.

స్క్రీన్ ఆగిపోగానే చేయాల్సిన 3 పనులు

వెంటనే పవర్ బటన్ మీదికి చెయ్యి పోనివ్వకండి. ఆ ఒక్క నిమిషంలోనే అసలు ఆధారం దొరుకుతుంది.

1. క్యాప్స్ లాక్ నొక్కండి. కీబోర్డుమీద లైటు వెలిగి ఆరుతోందా? అయితే లోపల విండోస్ ఇంకా బతికే ఉంది, తెర మాత్రమే ఆగింది. లైటు అసలు మారకపోతే మొత్తం సిస్టమే బిగుసుకుపోయిందని అర్థం.

2. శబ్దం వినండి. తెర ఆగినా పాట సాఫీగా సాగుతుంటే అనుమానం గ్రాఫిక్స్ వైపు. శబ్దం ఒకే ముక్క దగ్గర 'గుర్ర్' మని ఇరుక్కుపోతే మొత్తం ఆగినట్టు. అలాంటప్పుడు ర్యామ్, వేడి, పవర్ సప్లై, డ్రైవర్ అన్నీ అనుమానితులే.

3. విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బి.. ఈ నాలుగూ ఒకేసారి నొక్కండి. ఇది గ్రాఫిక్స్ డ్రైవర్‌ను రీసెట్ చేసే షార్ట్‌కట్. చిన్న బీప్ వచ్చి తెర ఒకసారి మినుక్కుమని మళ్లీ పనిచేస్తే దొంగ దాదాపు దొరికినట్టే. మీరు తెరిచిన ఫైళ్లు కూడా మూతపడవు. వెంటనే సేవ్ చేసుకోండి.

ఏవీ పలకకపోతే అప్పుడు పవర్ బటన్‌ను 10 సెకన్లపాటు నొక్కి పట్టుకుని ఆపేయండి.

లక్షణాలు చూసి గుర్తుపట్టడం ఎలా?

డాక్టర్ దగ్గరికెళ్తే జ్వరం ఎప్పుడు వస్తోంది అని ముందు అడుగుతారు. ఇక్కడా అంతే. ఎప్పుడు ఆగుతోందో ఒక కాగితంమీద రాసుకోండి.

గ్రాఫిక్స్ డ్రైవర్ అయితే: వీడియో చూస్తున్నప్పుడు, గేమ్ ఆడుతున్నప్పుడు, వీడియో ఎడిటింగ్‌లో, రెండో మానిటర్ తగిలించినప్పుడు, స్లీప్ నుంచి లేపినప్పుడు ఎక్కువగా ఆగుతుంది. ఆగేముందు తెర మినుకుమినుకుమనడం, చదరపు గళ్లు, రంగు గీతలు కనిపించడం మామూలే. విండోస్ అప్‌డేట్ లేదా డ్రైవర్ అప్‌డేట్ తర్వాతే మొదలైతే అనుమానం ఇంకా బలపడుతుంది. నీలి తెరమీద 'వీడియో టీడీఆర్ ఫెయిల్యూర్' లాంటి ఒకే పేరు మళ్లీ మళ్లీ వస్తుంది.

ర్యామ్ అయితే: దీనికి వేళాపాళా ఉండదు. ఖాళీగా ఉన్నా ఆగొచ్చు, టైప్ చేస్తున్నా ఆగొచ్చు. నీలి తెరమీద ప్రతిసారీ వేరే పేరు. ఈరోజు 'మెమరీ మేనేజ్‌మెంట్', రేపు 'పేజ్ ఫాల్ట్', ఎల్లుండి ఇంకోటి. బ్రౌజర్ ట్యాబ్‌లు వాటంతటవే క్రాష్ అవుతాయి. జిప్ ఫైల్ విప్పుతుంటే 'ఫైల్ పాడైంది' అంటుంది, అదే ఫైల్ వేరే కంప్యూటర్‌లో చక్కగా తెరుచుకుంటుంది. ఒక్కోసారి ఆన్ చేయగానే తెర రాకుండా బీప్‌లు మాత్రమే వినిపిస్తాయి.

ఇక్కడొక మెలిక ఉంది. చాలా ల్యాప్‌టాప్‌లలో విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉండదు. ప్రాసెసర్‌లోనే ఉన్న గ్రాఫిక్స్ చిప్ మామూలు ర్యామ్‌నే పంచుకుంటుంది. కాబట్టి ర్యామ్ పాడైనా నేరం గ్రాఫిక్స్ డ్రైవర్ మీద పడొచ్చు. ఎర్రర్‌లో డ్రైవర్ పేరు కనిపించినంత మాత్రాన తీర్పు ఇచ్చేయకూడదు.

విండోస్ రాసుకున్న డైరీ చూడండి

స్టార్ట్ మెనూలో 'రిలయబిలిటీ' అని వెతికితే రిలయబిలిటీ హిస్టరీ తెరుచుకుంటుంది. ఏ తేదీన ఏం క్రాష్ అయింది, అంతకు ముందు ఏ అప్‌డేట్ పడింది అనేది క్యాలెండర్‌లా కనిపిస్తుంది. ఫ్రీజ్‌లు మొదలైన రోజుకి ముందు రోజే గ్రాఫిక్స్ డ్రైవర్ అప్‌డేట్ అయి ఉంటే లెక్క తేలినట్టే.

ఇంకా లోతుగా కావాలంటే ఈవెంట్ వ్యూయర్ తెరిచి విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ చూడండి. 'డిస్‌ప్లే' పేరుతో 4101 నంబర్ ఈవెంట్ ఉంటే, డ్రైవర్ స్పందించడం మానేసి మళ్లీ కోలుకుందని అర్థం. 'కెర్నల్ పవర్ 41' అనేది కూడా చాలామందికి కనిపిస్తుంది. అది చూసి పవర్ సప్లై పోయిందని కొత్తది కొనేయకండి. కంప్యూటర్ సరిగా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయిందని మాత్రమే అది చెబుతుంది. మీరు పవర్ బటన్ నొక్కి ఆపినా అదే నమోదవుతుంది.

ముందు బ్యాకప్.. ఆ తర్వాతే ఏదైనా!

ఇది దాటేసి ముందుకు వెళ్లొద్దు. ఫొటోలు, సర్టిఫికెట్లు, లెక్కల ఫైళ్లు అన్నీ ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోకో, క్లౌడ్‌లోకో కాపీ చేసుకోండి. పాత బ్యాకప్ ఉంటే దాని మీదే రాయకండి, వేరే ఫోల్డర్‌లో పెట్టండి. ర్యామ్ పాడై ఉంటే కాపీ అయ్యే ఫైలు కూడా చెడిపోయే అవకాశం ఉంది. కాపీ అయ్యాక ముఖ్యమైనవి వేరే కంప్యూటర్‌లో తెరిచి చూసుకోండి.

మరో జాగ్రత్త. బయోస్ సెట్టింగ్‌లు మార్చినా, సేఫ్ మోడ్‌లోకి వెళ్లినా కొన్ని ల్యాప్‌టాప్‌లు బిట్‌లాకర్ రికవరీ కీ అడుగుతాయి. అది మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉందో లేదో చూసుకుని, ముందే ఫోన్‌లో సేవ్ చేసి పెట్టుకోండి. ఆ కీ లేకపోతే డేటా అంతా తాళం పడినట్టే.

గ్రాఫిక్స్ డ్రైవర్ అనిపిస్తే..

1. వెనక్కి వెళ్లండి: డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ తెరిచి, గ్రాఫిక్స్ పేరుమీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లోకి వెళ్లండి. డ్రైవర్ ట్యాబ్‌లో 'రోల్ బ్యాక్ డ్రైవర్' ఉంటుంది. అప్‌డేట్ తర్వాతే సమస్య మొదలైతే చాలాసార్లు ఇక్కడితో కథ కంచికి.

2. బ్రౌజర్‌లోనే ఆగుతుంటే: క్రోమ్ సెట్టింగ్స్‌లో సిస్టమ్ విభాగంలో గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ ఆపేసి రెండు రోజులు చూడండి. ఫ్రీజ్‌లు ఆగిపోతే అనుమానం గ్రాఫిక్స్ వైపు గట్టిగా మొగ్గినట్టే.

3. పూర్తిగా తీసి కొత్తగా వేయండి: పాత డ్రైవర్ ముక్కలు మిగిలిపోతే కొత్తది వేసినా గొడవే. డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అనే ఉచిత టూల్ దీనికి బాగా వాడుకలో ఉంది. ముందుగా కొత్త డ్రైవర్ డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. తర్వాత నెట్ ఆపేసి, సేఫ్ మోడ్‌లో ఆ టూల్‌తో పాతది తీసేసి, రీస్టార్ట్ చేసి కొత్తది వేయండి. నెట్ ఆపకపోతే మధ్యలో విండోస్ తనకు నచ్చిన డ్రైవర్‌ను దించేస్తుంది.

డ్రైవర్‌ను ల్యాప్‌టాప్ కంపెనీ వెబ్‌సైట్ నుంచి గానీ, చిప్ తయారుచేసిన ఎన్‌విడియా, ఏఎమ్‌డీ, ఇంటెల్ సైట్ల నుంచి గానీ మాత్రమే తీసుకోండి. 'మీ 17 డ్రైవర్లు పాతబడ్డాయి, ఇక్కడ క్లిక్ చేయండి' అని వచ్చే ప్రకటనల జోలికి అస్సలు పోవద్దు. వాటితో వైరస్‌లు అంటుకునే ప్రమాదం ఉంది.

సేఫ్ మోడ్‌లో ఇంకో పరీక్ష కూడా ఉంది. అక్కడ మీ గ్రాఫిక్స్ డ్రైవర్ పనిచేయదు, విండోస్ సొంత సాదా డ్రైవర్ నడుస్తుంది. అక్కడా ఫ్రీజ్ అవుతుంటే అనుమానం హార్డ్‌వేర్ వైపు మళ్లించండి.

ర్యామ్ అనిపిస్తే..

1. స్టార్ట్ మెనూలో 'విండోస్ మెమరీ డయాగ్నస్టిక్' తెరిచి రీస్టార్ట్ చేయండి. పరీక్ష మొదలయ్యాక ఎఫ్1 నొక్కి 'ఎక్స్‌టెండెడ్' ఎంచుకుని ఎఫ్10 నొక్కితే లోతైన పరీక్ష జరుగుతుంది. దీనికి గంటలు పట్టొచ్చు, రాత్రి పడుకునేముందు పెట్టుకోండి.

2. అందులో తప్పు దొరకకపోయినా ర్యామ్ మంచిదని పూర్తిగా నమ్మడానికి లేదు. మెమ్‌టెస్ట్86 లేదా మెమ్‌టెస్ట్86 ప్లస్ అనే టూల్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి, దాంతోనే కంప్యూటర్ ఆన్ చేయండి. ఇది విండోస్‌తో సంబంధం లేకుండా నడుస్తుంది కాబట్టి ఇంకా లోతుగా వెతుకుతుంది. కనీసం 4 పాస్‌లు పూర్తవనివ్వండి. ఎర్ర గీతతో ఒక్క తప్పు కనిపించినా తేలిగ్గా తీసుకోవద్దు. ఇక్కడ పాస్ మార్కు 35 కాదు, 100కి 100!

3. డెస్క్‌టాప్‌లో ఎక్స్‌ఎమ్‌పీ లేదా ఎక్స్‌పో ఆన్ చేసి ఉంటే బయోస్‌లో ఆపేసి మళ్లీ పరీక్షించండి. అది ర్యామ్‌ను మామూలు వేగం కంటే ఎక్కువగా పరుగెత్తించే సెట్టింగ్. ఆపగానే తప్పులు మాయమైతే స్టిక్ పాడవలేదు, ఆ వేగాన్ని తట్టుకోలేకపోతోందంతే.

4. రెండు స్టిక్కులు ఉంటే ఒక్కోదాన్ని విడిగా పరీక్షించండి. ప్లగ్ తీసేయాలి, ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ కనెక్షన్ కూడా. చేత్తో లోహపు వస్తువును తాకి ఒంట్లోని స్టాటిక్ కరెంటు వదిలించుకున్నాకే ర్యామ్ ముట్టుకోండి. ఇప్పుడు లెక్క సులువు. ఏ స్లాట్‌లో పెట్టినా అదే స్టిక్ తప్పులు చూపిస్తే స్టిక్ పాడైంది. ఏ స్టిక్ పెట్టినా అదే స్లాట్‌లో తప్పులొస్తే అనుమానం మదర్‌బోర్డు మీద.

దుమ్ము, తేమ వల్ల స్టిక్ సరిగ్గా కూర్చోకపోయినా ఇవే లక్షణాలు కనిపిస్తాయి. చాలాసార్లు స్టిక్ తీసి, బంగారు రంగు అంచులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన మెత్తటి గుడ్డతో తుడిచి, ఆరాక 'టక్' మని వినిపించేలా మళ్లీ బిగిస్తే సరిపోతుంది. ఖర్చు లేని వైద్యం కాబట్టి కొత్తది కొనేముందు ఇది ఒకసారి చేసి చూడాల్సిందే.

సన్నటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ర్యామ్ బోర్డుమీదే అతికించి ఉంటుంది. అది ఇంట్లో మార్చే పని కాదు, సర్వీస్ సెంటర్‌కే వెళ్లాలి.

రెండూ కాకపోతే?

వేసవిలో మధ్యాహ్నం పూట మాత్రమే ఆగుతుంటే వేడిని అనుమానించండి. ఫ్యాన్‌లో దుమ్ము పేరుకుందేమో చూడండి. పరుపుమీద, దిండుమీద ల్యాప్‌టాప్ పెట్టి వాడితే గాలి ఆడదు. గేమ్ మొదలవగానే కంప్యూటర్ ఆగిపోవడం కాకుండా ఏకంగా రీస్టార్ట్ అవుతుంటే పవర్ సప్లై చూడాలి. ఫైల్ తెరిచిన ప్రతిసారీ నిమిషాల తరబడి ఆగి మళ్లీ కదులుతుంటే ఎస్‌ఎస్‌డీ లేదా హార్డ్ డిస్క్ పోవడానికి సిద్ధంగా ఉందేమో. అప్పుడు బ్యాకప్ పని గంటల్లో పూర్తి చేసుకోవాలి.

షాపుకి వెళ్లేముందు..

'ఫార్మాట్ చేద్దాం' అన్న మాటకు వెంటనే తలూపకండి. డ్రైవర్ గొడవైతే ఫార్మాట్ అవసరం లేకుండానే పోతుంది. ర్యామ్ గొడవైతే ఫార్మాట్ చేసినా పోదు. పైగా పాడైన ర్యామ్‌తో విండోస్ మళ్లీ ఎక్కిస్తే ఆ కొత్త విండోస్ ఫైళ్లు కూడా చెడిపోవచ్చు. మీ డేటా పోవడం తప్ప ఒరిగేదేమీ ఉండదు.

ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. ఇలాంటి సమయంలో అనుమానంతో ర్యామ్ కొనడం చేతి చమురు వదిలించుకోవడమే. మెమ్‌టెస్ట్ తెరను ఫోన్‌లో ఫొటో తీసుకోండి. నీలి తెర వచ్చినప్పుడు దాని పేరును కూడా ఫొటో తీయండి. రిపేర్ చేసే వ్యక్తికి అవి చూపిస్తే అంచనాల మీద పని జరగదు. చాలా బ్రాండ్ల ర్యామ్‌కు ఏళ్ల తరబడి, కొన్నింటికి జీవితకాల వారంటీ ఉంటుంది. పాత బిల్లు ఒకసారి వెతకండి. తప్పు రుజువైతే కొత్త స్టిక్ ఉచితంగా రావొచ్చు.

క్లుప్తంగా చెప్పాలంటే..

ఒకే పని చేస్తున్నప్పుడు, ఒకే ఎర్రర్‌తో ఆగుతుంటే ముందు డ్రైవర్‌ను చూడండి. ఏ పనిలోనైనా, రోజుకో ఎర్రర్‌తో ఆగుతుంటే ముందు ర్యామ్‌ను చూడండి. ఒకసారికి ఒక్క మార్పే చేయండి, రెండు రోజులు గమనించండి. రెండు మూడు ఒకేసారి మారిస్తే సమస్య పోయినా దేనివల్ల పోయిందో తెలియదు. ఇక ఏం చేసినా, చేయకపోయినా ఈరోజు మాత్రం బ్యాకప్ తీసి పెట్టుకోండి. కంప్యూటర్ పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు. అందులో ఉన్న పిల్లల ఫొటోలు, ఏళ్ల లెక్కలు మాత్రం ఏ షాపులోనూ దొరకవు.